భూస్థాపన రిజిస్టరుకు ఒక పెన్ను

సామ్రాజ్యం పేరు చర్చి భూస్థాపన రిజిస్టరులో ఎక్కడానికి యాభై మూడు రోజులు పట్టింది. రాయవలసినవాడు ఆమె భర్తే, పేరు సమాధానం.

తూర్పుపాళెం ముత్తుకూరుకు దగ్గర్లో, రేవు నుంచి బొగ్గు లారీలు వచ్చే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఆ ఊరి చర్చిలో మూడు రిజిస్టర్లున్నాయి. బాప్తిస్మాలకు ఒకటి, వివాహాలకు ఒకటి, భూస్థాపనలకు ఒకటి. పంతొమ్మిదేళ్లుగా ఆ మూడూ రాస్తున్నది సమాధానం. చేతిరాత బాగుందని అప్పటి పాస్టరుగారు అప్పగించారు. తర్వాత వచ్చిన ఇద్దరు పాస్టర్లూ ఆ పని ఇంకొకరికి మార్చలేదు.

ఆయన ఉద్యోగం రోడ్డు మీది కాటా దగ్గర. లారీ వచ్చి ఇనుప పలక మీద ఎక్కుతుంది, తెర మీద అంకె పడుతుంది, ఆయన బొత్తాం నొక్కితే మిషను చీటీ కక్కుతుంది. చీటీ చించి డ్రైవరు చేతిలో పెట్టడమే పని. పెన్ను పట్టే అవసరమే రాదు. అందుకని ఆయన చేతిరాత ఎలా ఉంటుందో చూడాలంటే చర్చి బీరువా తెరవాల్సిందే.

రిజిస్టర్లను ఇంకు పెన్నుతోనే రాయాలన్నది చర్చి కమిటీ పెట్టిన నియమం. ఒక ఏడాది తుపానుకు చర్చి కప్పు కారి బీరువాలోకి నీళ్లు దిగాయి. జెల్ పెన్నుతో రాసిన ఆరేళ్ల పేర్లు కలిసిపోయి నీలపు మరకలయ్యాయి. అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందు ఎవరో పర్మనెంట్ సిరాతో రాసిన పేజీలు మాత్రం తడిసి ఆరినా చెక్కుచెదరలేదు. పోయిన పేర్లను ఇల్లిల్లూ తిరిగి అడిగి మళ్లీ రాసింది సమాధానమే.

జూలై నెలలో ఒక మంగళవారం పొద్దున్నే సామ్రాజ్యం రొయ్యల కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంది. కాళ్లు లాగుతున్నాయని కల్వర్టు గట్టు మీద కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. ఆమె ఒక పక్కకు ఒరిగింది. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందని చెప్పారు. బుధవారం మధ్యాహ్నం భూస్థాపన జరిగింది.

సమాధానం ఏడవలేదు. పెట్టె దించేటప్పుడు తాడు జారుతుంటే, "ఎడం పక్క కొంచెం వదలండి" అని చెప్పింది కూడా ఆయనే. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు. ఎవరో అన్నం పెడితే తిన్నాడు. ఆ కూరలో ఉప్పు వేయడం మరిచామని పెట్టినవాళ్లు తర్వాత నాలిక్కరుచుకున్నారు. ఆయనకు తెలియలేదు. నాలుగో రోజు కాటాకు వెళ్లి డ్యూటీ చేశాడు. మనిషి గట్టివాడని కొందరు అనుకున్నారు. కొందరు వేరేగా అనుకున్నారు.

కూతురు మెర్లిన్‌ది సూళ్లూరుపేట కాపురం. వారం రోజులు తండ్రి దగ్గరే ఉండి, వెళ్లేముందు అడిగింది.

"నాయనా, ఒక్కసారన్నా ఏడువు నాయనా. నిన్ను చూస్తుంటే నాకు బయమేస్తా ఉంది."

"రాలేదమ్మా. వస్తే ఏడవనా?"

"పోనీ మా ఇంటికి రా. ఒక నెల ఉండి పో."

"రిజిస్టరు రాయాలమ్మా," అన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బీరువా తెరిచి భూస్థాపన రిజిస్టరు తీశాడు. వరుస సంఖ్య వేశాడు. మరణించిన తేదీ వేశాడు. భూస్థాపన తేదీ వేశాడు. పేరు గడిలోకి వచ్చేసరికి పెన్ను ఒక బొట్టు వదిలింది. చింతగింజంత సిరా బొట్టు. ఆయన దాని మీద బ్లాటింగు పేపరు అద్ది, కాసేపు చూసి, రిజిస్టరు మూసేశాడు.

"పెన్ను బాగలేదయ్యగారూ. కొత్తది కొని రాస్తాను," అన్నాడు పాస్టరుగారితో.

"అట్నే సమాధానం. తొందరేం లేదు."

మరుసటి వారం ముత్తుకూరు ఫ్యాన్సీ షాపులో ఒక ఇంకు పెన్ను కొన్నాడు. అది కాగితాన్ని గీరింది. ఇంకోటి కొన్నాడు. అందులో సిరా రెండు రోజులకే ఎండిపోయి, ఎంత విదిలించినా రాయలేదు. మూడోదాని మూత పగిలింది. కాటా దగ్గర లారీకీ లారీకీ మధ్య ఫోనులో పెన్నుల వీడియోలు చూసేవాడు. పాళీలలో రకాలు, సిరాలలో రకాలు, ఏది దేనికి పనికొస్తుంది, అన్నీ తెలుసుకున్నాడు. సామ్రాజ్యం గురించి ఎవరైనా మాట తీస్తే ఊ కొట్టేవాడు. పెన్ను గురించి అడిగితే మాత్రం రెండు మూడు వాక్యాలు మాట్లాడేవాడు. ఇంట్లో ఆమె చీరలు దండెం మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆయన వాటి కిందినుంచి వంగి స్నానానికి వెళ్లేవాడు.

ఆగస్టులో ఏస్తేరమ్మ అనే ముసలామె పోయింది. తొంభై దాకా ఉంటాయి. మరణ సర్టిఫికెట్ కోసం పంచాయతీ ఆఫీసులో చర్చి నకలు అడిగారని ఆమె కొడుకు దావీదు పాస్టరుగారి దగ్గరకు వచ్చాడు. రిజిస్టరు తెరిస్తే, ఏస్తేరమ్మ పేరు రావలసినదానికి పై వరుసలో రెండు తేదీలు, ఒక సిరా బొట్టు. ఆ వరుస నిండకుండా కింది వరుస రాయకూడదు.

పాస్టరుగారు కాటా దగ్గరికే వచ్చారు.

"సమాధానం, పోనీ ఈ ఒక్కటీ నేను రాసేదా?"

"వద్దయ్యగారూ. రాత మారిపోద్ది."

"వెనక వాళ్లు ఆగి ఉండారు నాయనా."

లారీ వచ్చింది. సమాధానం బొత్తాం నొక్కాడు, చీటీ చించి ఇచ్చాడు. తర్వాత, "శుక్రవారం నెల్లూరు పోతాను," అన్నాడు.

నెల్లూరు పెద్ద బజారు దగ్గర సందులో ఒక పెన్నుల కొట్టు ఉంది. అద్దాల పెట్టె, గోడ నిండా సిరా సీసాలు, ఒక టేబులు, దాని మీద నీళ్ల గిన్నె. కొట్టు నడిపేది విజయకుమారి. తండ్రి నుంచి వచ్చిన కొట్టు అది. యాభై దాటిన మనిషి. కళ్లజోడు మీద ఇంకో చిన్న భూతద్దం తగిలించుకుని ఎవరిదో పాళీ చూస్తోంది.

"ఏం కావాలన్నా?"

"ఇంకు పెన్ను."

"ఎవరికన్నా ఇచ్చేదానికా, మీరు రాసుకునేదానికా?"

"చర్చి రిజిస్టరు రాసేదానికి."

పాత పెన్ను కూడా తెచ్చాడు. ఆమె దాన్ని విప్పి చూసింది. "ఇది డ్రాపరుతో సిరా పోసేది. సగం ఖాళీ అయినాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, సిరాని బయటికి తోస్తాది. అందుకే బొట్లు పడేది. పెన్ను తప్పేం లేదన్నా. ఎప్పుడూ నిండుగా ఉంచుకుంటే సరిపోద్ది."

"అయితే చెడిపోలేదా?"

"లేదు. శుభ్రంగా ఉంది."

సమాధానం పాత పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అయినా కొత్తది కావాలక్కా," అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. మూడు పెన్నులు తీసి గుడ్డ మీద పెట్టింది.

మొదటిది ఇత్తడి ఒంటిది. బరువు. చెమట వేళ్లకు జారింది. రెండోది రాజమండ్రిలో ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో, చేత్తో చేసిన పెన్ను. చేతిలో వెచ్చగా, కుదురుగా ఉంది. కానీ దానికీ డ్రాపరే. మూడోది నల్లటి సాదా పెన్ను. మర తిప్పి బిగించే మూత, సిరా పీల్చుకునే చిన్న గొట్టం, స్టీలు పాళీ.

"బంగారు పాళీవి కూడా ఉండాయి. మీకెందుకు? నెలకు రెండు పేర్లు రాసే పనికి మంచి స్టీలు పాళీ చాలు. మరీ చౌకవి మాత్రం కొనబాకండి. వాటి మూత గాలిని ఆపదు, సిరా ఎండిపోద్ది."

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. రిజిస్టరు చివర మిగిలిపోయిన ఖాళీ పేజీలోంచి కోసుకొచ్చిన ముక్క. కొట్లో కాగితం మీద బాగా రాసిన పెన్ను రిజిస్టరు మీద రాయకపోవచ్చని.

విజయకుమారి ఆయన ముఖంలోకి మొదటిసారి సరిగా చూసింది. "ఇంత జాగ్రత్త మనిషి ఈ మధ్యలో రాలేదన్నా. రాయండి. వత్తులున్న మాటలు రాయండి, అప్పుడు తెలుస్తాది."

తన పేరు రాశాడు. అందులో వత్తులు లేవు. ఆ నల్ల పెన్నుతోనే 'స్థూల బరువు' అని రాశాడు. 'కృష్ణపట్నం' అని రాశాడు. లావు పాళీతో రాస్తే ష్ణ కింది ణ-వత్తు లోపల సిరా నిండి ముద్దయింది. ఆమె సన్న పాళీ మార్చి ఇచ్చింది.

"నొక్కబాకండి. ఇది బాల్ పెన్ను గాదు. కాగితం మీద పెట్టి నడిపిస్తే చాలు, దాని బరువుకు అదే రాస్తాది."

ఆయన రాస్తూ ఉన్నాడు. ఆమె ఇంకొకరికి సిరా సీసా ఇచ్చి వచ్చేసరికి కాగితం నిండిపోయింది. సామ్రాజ్యం, సామ్రాజ్యం, సామ్రాజ్యం. పదో పన్నెండో సార్లు.

"ఎవరన్నా ఈమె?"

"నా భార్య."

"పెన్ను ఆమె కోసమా?"

"కాదక్కా. ఆమె పేరు రాసేదానికి. భూస్థాపన రిజిస్టరు అది."

విజయకుమారి పెన్ను చేతిలోకి తీసుకుని, భూతద్దం దించి పాళీ మొన చూసింది. "మ్రా దగ్గర క్రావడి తిప్పేటప్పుడు కొంచెం గీస్తా ఉంది," అంది. నున్నటి రాపిడి కాగితం ముక్క తీసి దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో పాళీని నాలుగైదుసార్లు తిప్పింది. మళ్లీ ఇచ్చింది. "ఇప్పుడు చూడండి."

ఇంకోసారి రాశాడు. క్రావడి నున్నగా తిరిగింది.

ఆమె ఆయనకు రిజిస్టర్లకు వాడే నీలి నలుపు సిరా ఇచ్చింది. రాసేటప్పుడు నీలంగా ఉంటుందని, గాలి తగిలి మర్నాటికి నల్లబడుతుందని, ఇక నీళ్లకు పోదని చెప్పింది. "అయితే ఈ సిరా పెన్నులో నిలవుంటే గట్టిపడిపోద్ది. పదిహేను రోజులకొకసారి మామూలు చన్నీళ్లతో కడగాల. వేన్నీళ్లు పొయ్యబాకండి. గొట్టంతో నీళ్లు పీల్చి వదులుతా ఉంటే కాసేపటికి తెల్లనీళ్లు వస్తాయి. గుడ్డ మీద ఆరబెట్టి మళ్లీ సిరా పట్టుకోండి. ఇంకోమాట, ఎవురికీ చేతికియ్యబాకండి. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు."

పేర్లు రాసిన కాగితం ఏం చేయమంటారని అడిగింది. పారేయమన్నాడు ఆయన.

మర్నాడు శనివారం పొద్దున చర్చి గదిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. కాగితాలు ఎగరకుండా ఫ్యాను ఆపాడు. బొట్టు పడిన చోటు వదిలి పక్కనే పేరు రాశాడు. సామ్రాజ్యం. పెన్ను ఎక్కడా ఆగలేదు. భర్త పేరు గడిలో తన పేరు రాశాడు. తర్వాత వయసు గడి.

అక్కడ ఆగాడు. ఆధార్ కార్డులో నలభై తొమ్మిది ఉంది. సామ్రాజ్యం అది తప్పని జీవితాంతం పోట్లాడింది. కార్డు రాసినవాడు తనను చూసి అంచనాగా వేశాడని, తాను అంతకంటే చిన్నదాన్నని. ఎంత చిన్నదో మాత్రం ఏటా మారేది. మెర్లిన్‌కు ఫోను చేశాడు.

"అమ్మకు ఎన్నేళ్లమ్మా?"

"ఏంది నాయనా?"

"వయసు గడి నింపాల. కార్డులో నలభై తొమ్మిది ఉంది."

అవతల మెర్లిన్ నవ్వింది. "నలభై తొమ్మిదని రాస్తే అమ్మ లేచొచ్చి నీతో కొట్లాట పెట్టుకుంటాది నాయనా." ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయి ఏడుపయింది. ఆయన ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు. రెండో చేతిలో పాళీ ఎండిపోతుందేమోనని మూత పెట్టాడు. చాలాసేపటికి మెర్లిన్ ముక్కు చీది, "నలభై ఆరు. అమ్మమ్మ అట్నే చెప్పింది," అంది.

నలభై ఆరు అని రాశాడు. కారణం గడిలో గుండె అని రాశాడు. కింది వరుసలో ఏస్తేరమ్మను కూడా రాశాడు. రెండూ ఒకే రాత, ఒకే సిరా. ఏదో ఒకటి అనిపిస్తుందని అనుకున్నాడు గానీ, ఏమీ అనిపించలేదు. పాళీ తుడిచి బీరువాకు తాళం వేశాడు. ఆదివారం తెరిచి చూస్తే విజయకుమారి చెప్పినట్టే అక్షరాలు నల్లబడి ఉన్నాయి. దావీదు నకలు తీసుకుని వెళ్లాడు.

తర్వాతి నెలల్లో ఆయన జీవితంలో చెప్పుకోదగ్గది పెన్ను కడగడమే. రెండు వారాలకొక ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద స్టీలు గిన్నె పెట్టుకుని కూర్చునేవాడు. మొదటి నీళ్లు నల్లగా, తర్వాత నీలంగా, తర్వాత లేత ఆకాశం రంగులో వచ్చేవి. తెల్లబడేదాకా పోసేవాడు. పాళీ కింది నల్లటి నాలుకను పాత మెత్తటి బ్రష్షుతో తోమేవాడు. పక్కింటివాళ్లు, "ఏందన్నా, పెన్నుకు స్నానమా?" అంటే, "అవును," అనేవాడు. కాటా దగ్గర డ్రైవర్లు సంతకానికి పెన్ను అడిగితే పై జేబులోది ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాళ్ల కోసం ఒక బాల్ పెన్ను విడిగా దారానికి కట్టి ఉంచాడు. దండెం మీది చీరలు మెర్లిన్ వచ్చినప్పుడు తీసి మడిచి తీసుకెళ్లింది. ఆ తర్వాత కూడా ఆయన కొన్నాళ్లు అక్కడ వంగే నడిచాడు.

నవంబరు చివర ముసురులో చర్చిలో ఒక పెళ్లయింది. వివాహ రిజిస్టరులో పెళ్లికూతురు సంతకం చేసింది. నొక్కొద్దని సమాధానం చెబుతుండగానే పెళ్లికొడుకు పెన్ను తీసుకున్నాడు. అతను దాన్ని పిడికిట్లో బిగించి పట్టి, బాల్ పెన్నును నొక్కినట్టు నొక్కాడు. పాళీ రెండుగా విచ్చుకుని చిట్లిన చప్పుడు చేసింది.

"నొక్కొద్దని చెప్పలా!" అని అరిచాడు సమాధానం. "కళ్లు లేవా నీకు? నేను ఎట్టా చూసుకుంటా ఉండానో తెల్సా దాన్ని? ఎంత మెల్లగా పట్టుకోవాలో తెల్సా?"

గదిలో అందరూ బిగుసుకుపోయారు. ఆ మనిషి గొంతు అంత పైకి లేవగలదని అక్కడ ఎవరికీ తెలియదు. పెళ్లికొడుకు ముఖం ఎర్రబడింది. పెళ్లికూతురు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాస్టరుగారు లేచి సమాధానం భుజం మీద చెయ్యి వేశారు. సమాధానం పెన్ను తీసుకుని మూత పెట్టాడు. కాసేపటికి, "తప్పయింది నాయనా. మంచిరోజున అరిచినాను. మనసులో పెట్టుకోబాకండి," అని పెళ్లికొడుకు చేతులు పట్టుకున్నాడు. మిగిలిన సంతకాలు పాత డ్రాపరు పెన్నుతో అయ్యాయి, నిండుగా సిరా పోసి.

సోమవారం సెలవు పెట్టి నెల్లూరు వెళ్లాడు. విజయకుమారి భూతద్దంలో చూసి, "ఎవురికో ఇచ్చినారు," అంది.

"పెళ్లికొడుకు. ఇవ్వక తప్పలా. వాడి మీద అరిచినానక్కా, పెద్దగా. జూలై నుంచి నాకు కోపం గూడా రాలేదు."

ఆమె రెండు బొటనవేళ్ల గోళ్లతో పాళీ అంచులను కొంచెం కొంచెంగా దగ్గరికి ఒత్తుతోంది. "ఇంత కోపం పాళీ మీదేనా?"

"ఏమో. తెలీదు."

పాళీ సరయింది గానీ మునుపటంత నున్నగా రాలేదు. కొత్త పాళీ వేస్తానంటే వద్దన్నాడు. కుడిపక్కకు కొంచెం వంచి పట్టుకుంటే బాగానే రాస్తోంది, అలా అలవాటు చేసుకుంటానన్నాడు. ఆమె టీ తెప్పించింది. తాగి బయల్దేరాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో రొయ్యల కంపెనీ ఆడవాళ్లు పదిమంది ఎక్కారు. ఆ పూట వాళ్ల కంపెనీ బస్సు రాలేదట. ఒకామె ఆయన పక్కన కూర్చుంది. ఐసు నీళ్లకు నానిన ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రెండుసార్లు ఆయన వైపు చూసి అడిగింది.

"అన్నా, నువ్వు సామ్రాజ్యమక్క ఇంటాయనవి గదా? నా పేరు మహాలక్ష్మి. అక్కా నేనూ ఒకే బల్ల మీద రొయ్యలు వొలిచేవాళ్లం, ఆరేళ్లు."

"ఊ," అన్నాడు.

"అక్క పోయినాక బల్ల కాడ నవ్వే లేదన్నా. అందరికీ పేర్లు పెట్టేది గదా. మా సూపర్‌వైజరు బక్కగా ఉంటాడు, కిలోకి వంద తూగే సన్నరొయ్య మాదిరి. ఆయనకు వందకౌంటు అని పెట్టింది. ఇప్పుటికీ అట్నే పిలస్తాం." ఆమె కొంచెం ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీక్కూడా పెట్టింది."

"నాకా? ఏమని?"

"కోప్పడవు గదా? మైకు. నువ్వసలు మాట్లాడవంట గదా, అందుకని. 'ఈపొద్దు మా మైకు నాలుగు మాటలు మాట్లాడిందే' అనేది."

సమాధానం కిటికీలోంచి బయటికి చూశాడు. వాన తగ్గింది. రొయ్యల గుంటల్లో గాలి కలిపే చక్రాలు నీళ్లను చిలుకుతున్నాయి. పెళ్లయిన ఇరవై ఐదేళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా ఆయన చెవిన పడలేదు. తన ఊరికి ఇంకా నాలుగు స్టాపులున్నాయి. ఆయన మహాలక్ష్మి వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంకా ఏమనేదమ్మా?" అని అడిగాడు.